దిగకుండా చూసిన గని

ఉద్యోగమంతా నేను భూగర్భ గనుల్లో గాలిని కనిపెట్టుకుని ఉండే పనిలోనే గడిపాను. కానీ భూగర్భ గనిలో కాలు పెట్టింది మాత్రం రిటైర్మెంటుకు కొద్ది నెలల ముందు. ఈ మాట చెబితే ఇప్పుడు చేరుతున్న అమ్మాయిలు నమ్మరు. మొన్న శిక్షణ కేంద్రంలో కొత్త ఇంజనీర్లకు నాలుగు మాటలు చెప్పమంటే వెళ్లాను. అక్కడ ముందు వరసలో కూర్చున్న ఒకమ్మాయి, "చూడకుండా ఎట్ల చేసిన్రు మేడం అన్నేండ్లు?" అని అడిగింది. గంట కొట్టేశారు కాబట్టి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇది ఆ జవాబు.

ఆ రోజుల్లో చట్టం అలా ఉండేది. ఆడవాళ్లు ఆఫీసులో, వర్క్‌షాపులో, దవాఖానలో, బడిలో పనిచేయవచ్చు. బాయిలోకి దిగకూడదు. మా గోదావరిఖని వైపు గనిని బాయి అంటారు. ఆ బాయి లోపలి గాలి బాగుందో లేదో బయట కూర్చుని చెప్పడం నా ఉద్యోగం.

ప్రమోషన్లు, బదిలీలు, ఎవరు ఎవరిని దాటి పోయారు అన్నవి ఇందులో రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే.

రేకుల గది

మా బాపు మందమర్రిలో బొగ్గు నింపే కార్మికుడు. తట్టతో ఎత్తి టబ్బులు, అంటే పట్టాల మీద నడిచే ఇనప తొట్లు, నింపేవాడు. డ్యూటీ నుంచి రాగానే అమ్మ కాచిపెట్టిన నీళ్లతో స్నానం చేసేవాడు, ఇంట్లో బాయి ముచ్చట ఎత్తేవాడు కాదు. నేను వరంగల్లులో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివి, అదే కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్నానని చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: "పైన్నేనా బిడ్డా, లోపటనా?" పైనే అన్నాను. "గట్లయితె మంచిదే" అని బీడీ ముట్టించుకున్నాడు.

నాకు ఇచ్చిన చోటు గని ముఖద్వారం దగ్గర, కార్మికులు టోపీ దీపాలు తీసుకునే లాంప్‌రూము పక్కన ఒక రేకుల గది. గోడ మీద గని మొత్తం పటం. బల్ల మీద ఒక తెర, ఒక టెలిఫోను. లోపల అక్కడక్కడ కప్పుకు వేలాడదీసిన టిఫిన్ క్యారియర్ అంత పెట్టెలు, అంటే సెన్సార్లు, గాలిలో ఉన్న విషవాయువును కొలిచి తీగ ద్వారా పైకి చెబుతాయి. ఆ చెప్పింది నా తెర మీద ఒక గీతగా కదులుతూ ఉంటుంది. మేము ముఖ్యంగా చూసేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. బొగ్గు తనంతట తాను లోలోపల కాగడం మొదలుపెడితే మొట్టమొదట బయటపడేది అదే. పొగ కనబడేది చాలా తర్వాత.

లోపల నా తరఫున తిరిగే మనిషి ఓదెలు. ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్. ఇంచుమించు నా ఈడువాడే. కమాన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి సైకిల్ మీద డ్యూటీకి వచ్చేవాడు. మేము ఒకరినొకరు చూడకముందే ఫోనులో మాట్లాడుకున్నాం.

"మేడం, ఓదెలు మాట్లాడుతున్న. పెట్టె కప్పుకు గట్టిన."

"కప్పు ఎంత ఎత్తుందన్నా అక్కడ?"

"చెయ్యెత్తితె అందుతది."

"నువ్వెంత ఎత్తున్నవో నాకు తెల్వదు గదా."

అవతల నవ్వు వినిపించింది. షిఫ్టు అయిపోయాక ఒళ్లంతా బొగ్గుతో ఒకతను నా గది గుమ్మంలో నిలబడి, చెయ్యి పైకెత్తాడు. వేళ్లు ద్వారబంధం పై కమ్మికి తగిలాయి. "గింత" అన్నాడు.

అప్పటి నుంచి అడగడం నేర్చుకున్నాను. కాలేజీలో మాకు జవాబులు రాయడం నేర్పారు. ఈ ఉద్యోగంలో నాకు అన్నం పెట్టింది ప్రశ్న. పిడికెడు సున్నపుపొడి గాలిలోకి చల్లితే ఎటు పోతోంది? కప్పు నుంచి నీళ్లు చుక్కలుగా పడుతున్నాయా, ధారగానా? టబ్బులు పోతుంటే దుమ్ము పెట్టె మీద పడుతోందా? ఓదెలు తెలిసింది చెప్పేవాడు, తెలియనిది చూసి వచ్చి చెప్పేవాడు. కొన్నిసార్లు తప్పు కూడా చెప్పేవాడు. తనకు పని తేలికయ్యే చోట పెట్టె కట్టి, అదే మంచి చోటని వాదించేవాడు. పటం చూపించి, గాలి ఆ మూలకు రాదని వివరిస్తే ఒప్పుకునేవాడు. అలా కొన్నేళ్లకు నేను చూడని గని నా తలలో ఒకటి తయారైంది.

మొత్తుకునే పెట్టె

కొత్త రకం సెన్సార్లు వచ్చిన ఏడాది సంగతి ఇది. వాటిని అమ్మిన కంపెనీ నుంచి నగరం ఇంజనీరు ఒకాయన వచ్చి బిగించి వెళ్లాడు. గీతలు చక్కగా వచ్చాయి. విషవాయువు హద్దు దాటితే లోపల సైరన్ మోగే ఏర్పాటు కూడా ఉంది.

అది రోజూ మోగేది. బొగ్గును పగలగొట్టడానికి మందు పేల్చినప్పుడల్లా మోగేది. ఎందుకంటే మందుపొగలో కూడా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. పొగ తేలిపోయేవరకు కార్మికులు ఎలాగూ దూరంగా ఆగుతారు. అది వాళ్లు తరతరాలుగా చేస్తున్నదే. ఇప్పుడు పక్క పనిచోట్ల ఉన్నవాళ్లు కూడా సైరన్ విని పని ఆపి లేచేవాళ్లు. కొన్నాళ్లకు లేవడం మానేశారు.

ఒకరోజు ఒక గీత తిన్నగా, గీసినట్టు సాగుతూ కనిపించింది. మందు పేల్చిన సమయంలో కూడా కదలలేదు. చూసినవాళ్లు గాలి భేషుగ్గా ఉందనుకుంటారు. నాకు భయం వేసింది. గని గాలి ఎప్పుడూ అంత నిమ్మళంగా ఉండదు. ఓదెలును పంపాను. ఆయన వెళ్లి చూసి ఫోను చేశాడు.

"పెట్టెకు తువ్వాల సుట్టిన్రు మేడం. లోపట పాలితిన్ కవరు గూడ ఉన్నది."

"ఎవరు చేసిన్రన్నా ఆ పని?"

"ఎవ్వలైతేంది తియ్యుండ్రి. అది మందు గొట్టంగనే మొత్తుకుంటది. పొద్దుమాపు ఊకె మొత్తుకుంటె ఎవ్వలింటరు? ఇంట్ల ముసల్దాని లెక్క అయింది దాని కత."

నాకు కోపం వచ్చింది. మనుషుల ప్రాణాలు కాపాడే పెట్టెకు తువ్వాలు చుడతారా అని. నగరం ఇంజనీరుకు ఫోను చేశాను. "మా సెన్సారు తప్పు చెప్పదు మేడం. మీ వర్కర్లకే క్రమశిక్షణ లేదు" అన్నాడు.

ఆయన మాటలో మొదటి సగం నిజం. పెట్టె అబద్ధం చెప్పలేదు. కానీ అది చెప్పే నిజం ఆ మనుషులకు ముందే తెలుసు. తెలిసిన సంగతినే రోజూ అరిచి చెప్పే యంత్రానికి ఎవరైనా తువ్వాలే చుడతారు. నేనైనా చుట్టేదాన్ని. తర్వాతి కాలంలో ఎన్నో కొత్త యంత్రాలు వచ్చాయి, పోయాయి. ఏది వచ్చినా నేను మొదట చూసింది ఇదే: ఇది మనిషికి తెలియనిది చెబుతోందా, తెలిసిందే గట్టిగా చెబుతోందా?

గీతలన్నీ తీసి పరిచి చూస్తే తేడా అక్కడే ఉంది. మందుపొగ గీత కొండలా ఉంటుంది. ఒక్కసారి లేస్తుంది, పొగ గాలికి కొట్టుకుపోగానే దిగి మొదటి చోటికే వస్తుంది. బొగ్గు కాగుతున్నప్పటి గీత అలా ఉండదు. కొంచెం పెరిగి, అక్కడే నిలబడి, మళ్లీ కొంచెం పెరుగుతుంది. మెట్లలా. మేనేజరుతో మాట్లాడి ఏర్పాటు మార్పించాను. కొండ అయితే నా గదిలో మాత్రమే గంట మోగాలి. హద్దు దాటిన గీత దిగాల్సిన సమయానికి దిగకుండా మెట్టుగా నిలబడితే, అప్పుడే లోపల సైరన్ మోగాలి.

కుంపటి

ఏర్పాటు మార్చినంత మాత్రాన మనుషుల నమ్మకం తిరిగి రాదు. మొదటి షిఫ్టు దిగేముందు కార్మికులు కూర్చునే షెడ్డులో ఒక బోర్డు పెట్టించి పాఠం చెప్పాను. రసాయన సూత్రంతో మొదలుపెట్టాను. రక్తంలో ప్రాణవాయువు ఎలా కలుస్తుంది, దాని చోటును ఇది ఎలా ఆక్రమిస్తుంది అంటూ సాగదీశాను. ముందు వరసలో ఒకాయన ఆవులించాడు. వెనక నుంచి ఒక పెద్దాయన లేచి అన్నాడు:

"బిడ్డా, గీ లెక్కలు మాకెందుకు? సావకుంట ఎట్ల బయటికి రావాలెనో గది చెప్పు."

అందరూ నవ్వారు. నేను సుద్దముక్క కింద పెట్టాను. అప్పట్లో మా కాలనీల్లో ఇంటింటా బొగ్గు పొయ్యే. సాయంత్రమైతే క్వార్టర్ల మీద పొగ దుప్పటిలా పరుచుకునేది. నేను కూడా అలాంటి ఇంట్లోనే పెరిగాను.

"చలికాలంల కుంపటి ఇంట్లకు తెచ్చుకొని తలుపులేసుకొని పండుకున్నోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాను.

మొదట ఒకరు, తర్వాత చాలామంది చేతులెత్తారు. తల పగిలిపోయినట్టు నొప్పి లేచిందని ఒకరు, వాంతులయ్యాయని ఒకరు చెప్పారు. ఒకాయన నిలబడి, "మా ఇంటామె లేవలేదు మేడం. ఎత్తుకొచ్చి వాకిట్ల పండవెడితె గంట సేపటికి కండ్లు తెరిచింది" అన్నాడు. అప్పుడు కుంపటిలో పొగ ఉందా అని అడిగాను. లేదు, నిప్పు ఎర్రగా కణకణలాడుతోంది, వాసన కూడా రాలేదన్నాడు.

"ఆ కుంపటి బాయిల మూసేసిన గోడ ఎనుక ఉన్నదనుకో. మీకెట్ల తెలుస్తది?"

సుద్దముక్క మళ్లీ తీసుకున్నాను. అప్పుడు బోర్డు మీద రెండు గీతలు గీశాను. ఒకటి కొండ, ఒకటి మెట్లు. ఆ తర్వాత సూత్రం కూడా చెప్పాను, దాన్ని వదిలిపెట్టలేదు. ఈసారి విన్నారు. చదువు చెప్పేవాళ్లకు నా మాట ఇది: సూత్రం వద్దని ఎవరూ అనరు. తమ ఇంట్లో జరిగినదాన్ని అది విప్పి చెప్పాలి, అంతే.

పెట్టెలకు మళ్లీ తువ్వాళ్లు చుట్టలేదు. పైగా దీపాలు తీసుకుని దిగే ముందు నా కిటికీలోకి తొంగి చూసి, "మేడం, ఇయ్యాల కొండనా, మెట్లా?" అని అడగడం అలవాటైంది. "కొండే" అంటే తల ఊపి పోయేవాళ్లు. నాకు వచ్చిన ఏ ప్రశంసాపత్రమూ ఆ ప్రశ్నకు సాటి రాదు.

వాన వెలిసిన తర్వాత

సూర్యప్రకాశరావు గారు మాకు మేనేజరుగా వచ్చారు. గోదావరి జిల్లా మనిషి. మాట మెత్తన, పని గట్టి. నిబంధనలన్నీ నాలుక చివర ఉండేవి. ఆయన వచ్చిన కొద్దిరోజులకే ముసురు పట్టింది. వాన తెరిపివ్వకుండా కురుస్తుంటే ఒక గీత కొంచెం పెరిగింది. బొగ్గు తీసేసి, అడ్డుగోడ కట్టి మూసేసిన పాత భాగం దగ్గరి పెట్టె అది. పెరిగి అక్కడే ఆగింది.

ఆయనకు చెప్పాను. "వర్షాలండీ. వాతావరణంలో ఒత్తిడి తగ్గింది. ఒత్తిడి తగ్గితే గోడ వెనకున్న పాత గాలి సందుల్లోంచి బయటికి వస్తుంది. మీకు తెలీదా?" అన్నారు. తెలుసు. ఆయన చెప్పింది నిజమే. ఊరుకున్నాను, కానీ ఒత్తిడి కొలిచే యంత్రాన్ని కూడా గీత పక్కనే చూస్తూ కూర్చున్నాను.

వాన వెలిసింది. ఎండ కాసింది. ఒత్తిడి మళ్లీ పెరిగింది. ఆయన లెక్క ప్రకారం గీత దిగాలి. దిగలేదు. ఇంకో మెట్టు ఎక్కింది. హద్దుకు ఇంకా కొంచెం కిందే ఉంది కాబట్టి సైరన్ మోగలేదు. మొదటి షిఫ్టు మొత్తం లోపల ఉంది.

ఆయన గదికి నడిచాను. ఆయన ఇద్దరు అధికారులను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పై ఆఫీసు నుంచి వచ్చిన ఫోనులో ఉత్పత్తి ఎందుకు తగ్గిందో చెబుతున్నారు. ఫోను పెట్టేవరకు నిలబడి, తర్వాత చెప్పాను. "వాన కారణం అయ్యుంటే ఈపాటికి గీత దిగాలి సార్. అందరినీ పైకి పిలవాలి."

"హద్దు దాటలేదు కదండీ."

"దాటేదాకా ఆగితే ఆలస్యమవుతుంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీరు గీత చూశారు. గోడ చూశారా?"

ఎగతాళిగా అడగలేదు. ఏ మేనేజరైనా అడగాల్సిన ప్రశ్నే. అయినా ముఖం మీద కొట్టినట్టయింది. ఆ గదిలో ఉన్న మిగతా ఇద్దరు అధికారులు ఎప్పుడంటే అప్పుడు దిగి ఆ గోడను చూసి రాగలరు. నేను ఒక్కదాన్నే చూడలేను.

"చూడలేదు సార్. నన్ను చూడనివ్వరు కూడా. గీత తప్పయితే మనకు ఒక షిఫ్టు పోతుంది. నిజమైతే ఏం పోతుందో మీకు నాకంటే బాగా తెలుసు."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. తర్వాత ఫోను తీసి, లోపల షిఫ్టును నడిపించే ఓవర్‌మన్‌కు చెప్పారు. "పని ఆపేయండి. అందర్నీ పైకి పంపించేయండి. ఒక్కళ్లు కూడా ఉండకూడదు." ఫోను పెట్టాక నాతో అన్నారు: "పదండి, మీ గదికి. ఆ గీతేదో నేను కూడా చూస్తాను."

అందరూ పైకి వస్తుంటే గోడ దగ్గరికి మాత్రం ఎవరో ఒకరు వెళ్లి చూడాలి, దానికి ఆయన ఒప్పుకున్నారు. ఓవర్‌మన్, ఓదెలు బయల్దేరారు. చేతిలో పట్టుకునే చిన్న కొలత పెట్టె వాళ్ల దగ్గర ఉంది. నేను ఫోనులో చెప్పాను: "అన్నా, చేతిల పెట్టె మోగితే అక్కడ్నుంచే తిరిగి రా. గోడ దాకా పోవుడు ముఖ్యం కాదు."

"ఫికర్ జెయ్యకుండ్రి మేడం. నాకు గూడ ఇంట్ల పిల్లలున్నరు."

కార్మికులు ఒక్కొక్కరే పైకి వచ్చి దీపాలు అప్పగిస్తున్నారు. ఒకాయన కిటికీ దగ్గర ఆగి, "మెట్లా మేడం?" అని మెల్లగా అడిగాడు. "మెట్లే" అన్నాను. ఆయన ఇంటికి పోలేదు. షెడ్డులో కూర్చున్నాడు. చూస్తుండగా చాలామంది అలాగే కూర్చుండిపోయారు. లోపల ఇంకా ఇద్దరున్నారని అందరికీ తెలుసు.

నేను ఉద్యోగంలో భయపడిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. అంతగా భయపడింది ఆ రోజే. గీత తప్పని తేలుతుందేమో అన్న భయం కాదు. నా మాట మీద ఇద్దరు మనుషులు అటు నడుస్తున్నారు, నేనేమో కుర్చీలో కూర్చున్నాను.

ఫోను మోగింది. ఓదెలు గోడ చూసి, టబ్బుల దారిలో ఉన్న ఫోను దగ్గరికి తిరిగి వచ్చాడు.

"మేడం, గోడ అడుగున పర్రె వాసింది. పెట్టె ఇంక మోగలేదు గని, చెయ్యి దగ్గర వెడితె ఎచ్చగ తాకింది. సుట్టు అంత సల్లగనే ఉన్నది, గీ ఒక్కతాన్నే ఎచ్చగున్నది. గాసునూనె వాసన లెక్క గొట్టింది."

గోడ పగిలింది. ఆ పగులులోంచి వచ్చే కిరసనాయిలులాంటి వాసన, బొగ్గు లోపల కాగుతోందనడానికి పాత గుర్తు. సూర్యప్రకాశరావు గారు నా చేతిలోంచి ఫోను అందుకున్నారు. "ఓదెలూ, చాలు. ఇద్దరూ వెంటనే వచ్చేయండి. మళ్లీ గోడ వైపు పోవద్దు."

వాళ్లిద్దరి టోపీ దీపాలు ముఖద్వారంలో కనబడేవరకు ఆయన గది బయటే నిలబడి ఉన్నారు.

తర్వాత రక్షక దళం వచ్చింది. పగులు పూడ్చి, ముందు ఇంకో గోడ కట్టి, గాలి చొరబడకుండా మూసేశారు. గీత ఎలా ఎక్కిందో అలాగే, మెట్టు మెట్టుగా, కొన్ని వారాలకు దిగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఏ పేపరులోనూ వార్త రాలేదు. ఇంజనీరు పని సరిగ్గా జరిగితే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. కొత్తవాళ్లు దీనికి అలవాటు పడాలి.

ఒక మేనేజరు

సమీక్షలో పైవాళ్లు అడిగారు: హద్దు దాటకముందే షిఫ్టును ఎందుకు బయటికి తెచ్చారని. నేను లేచి చెప్పబోయాను. సూర్యప్రకాశరావు గారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. "నిర్ణయం నాదండీ. మా ఇంజనీరు చెప్పారు, నాకు సబబనిపించింది, నేను పిలిపించాను" అన్నారు. గట్టి చర్చే జరిగింది. చివరకు ఆయన చేసింది సరైనదేనని ఒప్పుకున్నారు, కానీ మెచ్చుకోలేదు.

బయటికి వచ్చాక టీ తాగుతూ ఆయన నవ్వారు. "చిత్రం చూశారా? పొగ కనబడ్డాక పిలిచుంటే నన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. కనబడకముందు పిలిచినందుకు అడుగుతున్నారు."

గ్లాసు కింద పెట్టి, "ఆవేళ గోడ చూశారా అని అడిగాను. మీకు కష్టమనిపించే ఉంటుంది" అన్నారు.

"అనిపించింది సార్."

"మీకు తెలియని చోటేదో మీకు తెలుసు. అది చెప్పుకుని కూడా మాట మీద నిలబడ్డారు. అందుకే పిలిపించాను. చూసినట్టు మాట్లాడి ఉంటే పిలిచేవాణ్ణి కాదేమో."

నేను చాలామంది పైఅధికారుల కింద పనిచేశాను. కొందరు తెలివైనవాళ్లు, కొందరు మంచివాళ్లు. కింది మనిషి సందేహాన్ని తన భుజం మీదికి తీసుకున్నవాళ్లు తక్కువ. మీకు అలాంటి పైఅధికారి దొరికితే నేర్చుకోండి. దొరక్కపోతే, రేపు మీరు కుర్చీలో కూర్చున్నప్పుడు అలా ఉండండి.

ఇప్పటి సంగతి

ఇప్పుడు ఆ రేకుల గది లేదు. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టుల్లో, అంటే నేలను పైనుంచే తవ్వే గనుల్లో, ఇంటంత డంపర్లు మట్టిని మోస్తున్నాయి. మనిషి చీకట్లోకి దిగే బాధ తప్పింది, మంచిదే. పొలాలు పోయాయి, దుమ్ము వచ్చింది, ఒకప్పుడు వందలమంది చేసిన పనిని కొద్దిమంది చేస్తున్నారు. టెక్నాలజీ వల్ల లాభమా నష్టమా అని వ్యాసరచన పోటీల్లో అడుగుతారు. ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని అడిగిన పోటీ నేను చూడలేదు.

జ్యోతినగర్ నుంచి ఒక కుర్రాడు, కరెంటు ప్లాంటు ఇంజనీరు గారి అబ్బాయి, నా దగ్గరికి వస్తుంటాడు. ఇప్పుడు కంప్యూటరే గీతలన్నీ చదివి ప్రమాదం ముందే చెబుతుందట. "ఇగ మేం చదివి ఏం చేయాలె ఆంటీ?" అన్నాడు. ఆ కంప్యూటరుకు మందుపొగ అంటే ఏమిటో ఎవరు చెప్పారు, తువ్వాలు చుట్టిన పెట్టెను చూసి అది గాలి బాగుందనుకుంటుందా అనుమానిస్తుందా అని అడిగాను. "కనుక్కుంట" అని వెళ్లాడు. ఆ ప్రశ్నతో వాడు నాలుగేళ్లు చదవగలడు.

దిగిన రోజు

చివరికి చట్టం మారింది. ఇంజనీర్లుగా ఉన్న ఆడవాళ్లు పగటిపూట లోపలికి దిగవచ్చన్నారు. అప్పటికి నాకు మిగిలింది కొద్ది నెలలే. కొత్త మేనేజరు పిలిచి, "మేడం, దిగుతారా?" అని అడిగాడు. ఎందుకు దిగను?

స్టోర్సులో నా కొలతకు బూట్లు లేవు. ముందు భాగంలో గుడ్డలు కుక్కుకున్నాను. నడుముకు బ్యాటరీ, తలకు దీపం. ఓదెలు కూడా రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. మోకాళ్లు నొప్పులని పైన తేలిక పని ఇచ్చారు. ఆ రోజు మాత్రం, "మేడంకు తొవ్వ నేనే సూపిస్త" అని పట్టుబట్టి వచ్చాడు.

మనుషులను కూర్చోబెట్టి లోపలికి దించే కుర్చీలబండి దిగాక నడక మొదలైంది. పటంలో వేలితో ఎన్నిసార్లు నడిచానో ఆ దారి. అడుగు వేస్తే బురద. కొన్నిచోట్ల కప్పు ఎంత కిందికి ఉందంటే నడుము వంచి, తల పక్కకు తిప్పి పోవాలి. ఉక్క. తర్వాత ఉన్నట్టుండి చల్లగాలి. ఆ గాలి ఏ దారిలో వస్తోందో నాకు తెలుసు. తెలిసినదే ఒంటికి తగులుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇగో, గిదే మన పెట్టె" అని ఓదెలు దీపం అటు తిప్పాడు. కొత్త గోడకు ఇవతల, కప్పుకు వేలాడుతోంది. నా తలలో ఉన్న చోటే అది. ఒక్కటే తేడా, పటంలో వేలెడు ఉన్న దూరం. అక్కడే ఉన్న దిమ్మె మీద కూలబడ్డాను. అప్పుడు తట్టింది. "అన్నా, ఇంకోసారి చూసి రా" అని ఈ మనిషికి షిఫ్టులో ఎన్నిసార్లు ఫోను చేసి ఉంటాను? ఫోను ఉన్నది టబ్బుల దారిలో. అక్కడి నుంచి ఇక్కడికి ప్రతిసారీ ఇదంతా నడిచి వచ్చి, మళ్లీ నడిచి వెళ్లి నాకు చెప్పాడు.

"ఇంత దూరమని ఎన్నడు చెప్పకపోతివి?" అన్నాను.

ఓదెలు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "చెప్తె మీరు అడుగుడు బంద్ జేస్తరేమోనని."

ఇద్దరం చాలాసేపు అక్కడే కూర్చున్నాం. దూరంగా ఎక్కడో టబ్బులు కదిలిన చప్పుడు వస్తోంది. పైన పెట్టె తన పని తాను చేసుకుంటోంది. ఓదెలు మోకాళ్లు రుద్దుకుంటూ తన కోడలికి ఆడపిల్ల పుట్టిందనీ, ఏం పేరు పెట్టాలో తేలడం లేదనీ చెప్పాడు. నేను రెండు మూడు పేర్లు చెప్పాను. ఒక్కటీ నచ్చలేదు.

పైకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆడవాళ్లు స్నానం చేసే చోటు ఇంకా కట్టలేదు. అలాగే ఇంటికి వచ్చాను. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. గడపలో కూర్చుని చింతచిగురు ఏరుతోంది. నా ముఖం చూసింది, చేతులు చూసింది, బూట్లు చూసింది.

"బాయిలకు దిగినవా?"

"దిగినమ్మా."

చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది. లోపలికి పోయి పొయ్యి వెలిగించి గిన్నెడు నీళ్లు పెట్టింది. ఆమెకు నడవడమే కష్టం. "నేను పెట్టుకుంట, నువ్వు కూసో" అని వెంట వెళ్లాను.

"నువ్వే కూసో" అంది అమ్మ, నా వైపు తిరగకుండానే. "బాయికాడికెంచి అచ్చినోళ్లు నీళ్లు కాగవెట్టుకోరు."

గడపలో కూర్చుని బూట్లు విప్పుకున్నాను.